ఎండాకాలం టైర్లలో గాలి తగ్గించాలా? పొద్దున 33, మధ్యాహ్నం 38 చూపిస్తోంది

పిడుగురాళ్ల_మాస్టారు

అందరికీ నమస్కారం. మాది పిడుగురాళ్ల. పక్కనే రెంటచింతల, కాబట్టి మా ఎండల సంగతి వేరే చెప్పక్కర్లేదు. మాకో చిన్న హ్యాచ్‌బ్యాక్ ఉంది. నాలుగూ ట్యూబ్‌లెస్ టైర్లు, వేయించి మూడేళ్లు దాటింది. వచ్చే వారం పెళ్లికి హైదరాబాద్ పోవాలి. మనుషులం నలుగురం, డిక్కీ నిండా సామాను, దానికి తోడు మా ఆవిడ ఆవకాయ జాడీలు. తెల్లారుజామునే బయల్దేరాలని అనుకుంటాం గానీ మా ఇంట్లో తెల్లారుజాము అంటే పదకొండు గంటలు. అంటే దాచేపల్లి, వాడపల్లి, మిర్యాలగూడ అంతా మిట్టమధ్యాహ్నం ఎండలోనే.

ఇప్పుడు నా గోల ఏమిటంటే, గాలి ఎంత ఉండాలో ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు. బంకులో గాలి కొట్టే కుర్రాడు ఎండాకాలం 28 పాయింట్లు (పీఎస్‌ఐ) చాలు, ఎక్కువ కొడితే వేడికి పగులుద్ది అన్నాడు. మా బావమరిదేమో ఫుల్ లోడు కాబట్టి వెనక 36 పెట్టించమంటాడు. అలైన్‌మెంట్ షాపాయన అవేమీ వద్దు, నైట్రోజన్ ఎక్కించుకోండి అంటాడు. డ్రైవర్ తలుపు తీస్తే స్తంభం మీద స్టిక్కర్ ఉంది. ముందు 33, వెనక 33, నిండా జనం ఎక్కితే వెనక 36 అని.

దీనికి తోడు మా మేనల్లుడు వాల్వులకు బిరడాల్లాంటి సెన్సర్లు బిగించి డాష్‌బోర్డు మీద చిన్న తెర పెట్టాడు. పొద్దున ఇంటి దగ్గర 33 చూపిస్తుంది. మొన్న నరసరావుపేట వెళ్లొస్తుంటే మధ్యాహ్నం 38 చూపించింది. ఆ అంకె చూస్తూ బండి నడపాలంటే గుండె దడగా ఉంది. ఆపి గాలి తీయించాలా, వదిలెయ్యాలా?

నార్కెట్‌పల్లి_టైర్లు

నమస్తే సార్. నార్కెట్‌పల్లి దగ్గర మాకు టైర్ల షాపుంది. మీ అద్దంకి రోడ్డు వచ్చి హైదరాబాద్–విజయవాడ హైవేల కలిసేది మా కాడనే. మీరు ఎట్లైనా మా ముంగటి నుంచే పోవాలె.

ముందు గాలి మాత్రం తీయకున్రి.

ఏప్రిల్, మే నెలలల్ల పగిలిన టైర్లు మా దగ్గరికి శానా వస్తయ్. రిమ్ము నుంచి విప్పి లోపల చెయ్యి పెడితే ఎక్కువ వాటిల నల్లటి పొడి చేతికి అంటుతది. రబ్బరు పొడి అది. ఎక్కువ గాలి కొట్టిన టైరుల ఆ పొడి రాదు సార్. తక్కువ గాలితోని ఉరికిన టైరులనే వస్తది. టైరు పక్కగోడ లోపలి దిక్కు నలిగి నలిగి రాలిన రబ్బరు అది. కస్టమరు మాత్రం ‘ఎండకు పేలింది అన్నా, గాలి ఎక్కువైనట్టుంది’ అంటడు.

ఎందుకట్ల అయితదంటే, గాలి తక్కువుంటే టైరు రోడ్డును తాకిన కాడ పక్కగోడ మడతపడి మళ్ల లేస్తది. చిన్న కారు 100 స్పీడుల పోతుంటే చక్రం సెకనుకు పద్నాలుగు, పదిహేను చుట్లు తిరుగుతది. అన్నిసార్లు మడత పడుడే. ఇనుప తీగను అటూ ఇటూ వంచుతుంటే వంగిన కాడ వేడెక్కి తెగుతది సూడున్రి, గట్లనే. ఎండ, రోడ్డు వేడి దానికి తోడైతయ్. అసలు వేడి పుట్టేది మాత్రం ఆ మడతలనే. 28 పెట్టుకొని నలుగురు మనుషులు, సామానుతోని మిర్యాలగూడ రోడ్డు మీద మధ్యాహ్నం ఉరికితే పగలకుండ చేసుకున్నట్టు కాదు, పగిలెటట్టు తయారు చేసుకున్నట్టు.

ఇగ మీ 38 సంగతి. స్టిక్కర్ మీద 33 అని రాసింది చల్లటి టైరు లెక్క. చల్లటి టైరు అంటే ఐస్ లెక్క ఉండాలని కాదు. బండి కనీసం మూడు గంటలు నీడకు నిలబడి ఉండాలె, లేకుంటే ఒకటి రెండు కిలోమీటర్ల కంటే ఎక్కువ తిరిగి ఉండొద్దు. నడిచినంక నాలుగైదు పాయింట్లు పెరుగుతదని కంపెనీ వాళ్లకు తెలుసు, అది తెలిసే 33 అని రాసిండ్రు. టైరు పక్కన చిన్న అక్షరాలల్ల మ్యాక్స్ ప్రెషర్ అని 44 అనో 51 అనో ఉంటది, సూడున్రి. అది టైరు తట్టుకునే హద్దు, అది గూడ చల్లటి లెక్కనే. మనం కొట్టియ్యాల్సిన అంకె అది కాదు. కొంతమంది అది చదివి 44 కొట్టమంటరు, నడిమిట్ల ట్రెడ్ (రోడ్డుకు తగిలే గాళ్ల రబ్బరు) అరిగి, గుంతలల్ల ఎగిరెగిరి పడి, మళ్ల మా దగ్గరికే వస్తరు.

వేడి మీద దించుడు ఎంత నష్టమో సూడున్రి. 38 ఉన్న టైరును బంకు పిలగాడు 33కు దించిండు అనుకోన్రి. తెల్లారి చల్లారినంక అది 28, 29 కాడ ఉంటది. అదే గాలితోని మళ్ల ఎండల పోతరు. దార్ల గాలి తక్కువున్నదని అనుమానమొచ్చి వేడి మీదనే కొట్టియ్యాల్సి వస్తే స్టిక్కర్ అంకె కంటే నాలుగు ఎక్కువ పెట్టియ్యున్రి, తెల్లారి చల్లగున్నప్పుడు సరిచేసుకోన్రి.

మీ బావమరిది చెప్పింది కరెక్టే. బరువుంటే వెనక 36 అని మీ స్టిక్కరే చెప్తున్నది. పెళ్లి నుంచి వచ్చినంక 33కు దించుకోన్రి.

నైట్రోజన్ మిషన్ మా షాపుల గూడ ఉంది, దానితోని నాలుగు పైసలొస్తయ్, అయినా చెప్తున్న. మనం పీల్చే గాలిల 78 శాతం నైట్రోజనే. నైట్రోజన్ ఎక్కిస్తే లోపల తడి ఉండదు, గాలి జారుడు కొంచెం నెమ్మది. వేడికి పెరుగుడు మాత్రం రెండింటికీ దాదాపు ఒక్కటే లెక్క. ఎక్కించుకున్నా తప్పులేదు, నైట్రోజన్ టైరుకు గుర్తుగ పెట్టే ఆకుపచ్చ బిరడా చూసి గాలి చెక్ చేసుడు మానెయ్యకున్రి. తర్వాత మామూలు గాలి కలిపినా ఏం గాదు.

ఇంకోటి, స్టెప్నీ. మా దగ్గరికి వచ్చే బండ్లల్ల స్టెప్నీ గాలి ఎవ్వరూ సూడరు. ఆవకాయ జాడీలు సర్దకముందే తీసి సూసుకోన్రి, సర్దినంక ఎవరు తీస్తరు? టైరు పక్కన DOT అని ఇంగ్లీషు అక్షరాలు ఉన్న కాడ ఆఖరు నాలుగంకెలు గూడ చదవున్రి. 2322 ఉంటే 2022ల 23వ వారం తయారైందని అర్థం. మీరు వేయించింది మూడేళ్ల కింద అయినా, టైరు షాపుల ఇంకెంత కాలం పడి ఉందో ఆ అంకె చెప్తది.

గాజువాక_క్యాబ్

నార్కెట్‌పల్లి అన్న చెప్పింది నిజం మాస్టారూ. నాది చలికాలం అనుభవం, అది కూడా వినండి. డిసెంబరు, జనవరిలో లంబసింగి, అరకు కిరాయిలే నా కడుపు నింపేవి. చలికి గాలి తగ్గుతుంది. పది డిగ్రీలు పడితే రమారమి పాయింటున్నర, రెండు పాయింట్లు. ఆ లెక్కన మధ్యాహ్నం 28 డిగ్రీల్లో వైజాగ్‌లో 33 పెట్టిన బండి, తెల్లారి లంబసింగిలో 5 డిగ్రీల్లో 29 అవ్వాలి. కానీ గేజు పెడితే 31 చూపిస్తుంది. మొదట్లో గేజు పాడైందనుకునేవాణ్ణి. ఓసారి ఇంజినీరింగు చదివే కుర్రాడొకడు బండెక్కి చెప్పాడు. లంబసింగి సముద్రానికి వెయ్యి మీటర్ల ఎత్తు కదా, అక్కడ బయటి గాలి ఒత్తిడి తక్కువట. గేజు చూపించేది లోపలికీ బయటికీ ఉన్న తేడా కాబట్టి కొండెక్కితే అంకె కాస్త పెరుగుతుందట. చలి తీసుకున్నదాంట్లో సగం దాకా కొండ తిరిగి ఇచ్చేస్తుందన్నమాట.

కొండ మీద తెల్లారి గాలి పెట్టించుకున్నా కంగారు లేదు. కిందికి దిగి ఎండ తగిలాక రెండు పాయింట్లు పెరుగుతుంది, అంతే.

చలికంటే మనుషుల బద్ధకమే ఎక్కువ గాలి తీస్తుంది మాస్టారూ. పంక్చర్ లేకపోయినా నెలకి ఒకటి, రెండు పాయింట్లు రబ్బరులోంచి జారిపోతుంది. మేలో 33 పెట్టి మళ్లీ చూడకుండా డిసెంబరు దాకా తిరిగితే, చలి తీసింది రెండు, జారింది ఏడెనిమిది. 24కి వచ్చేస్తుంది. అప్పుడు ఘాట్ మలుపుల్లో స్టీరింగ్ బరువెక్కి బండి బద్ధకంగా తిరుగుతుంటే ‘పవర్ స్టీరింగ్ పోయింది, చూడండి’ అని మెకానిక్ దగ్గరికి పోతారు.

మిన్నియాపొలిస్_అమ్మాయి

మాస్టారు గారూ, మా పుట్టిల్లు సత్తెనపల్లి. మీ పల్నాడు ఎండలు నాకూ తెలుసు, కానీ ఇప్పుడుంటున్న చోట సమస్య తిరగబడింది. సెప్టెంబరులో 20 డిగ్రీలప్పుడు 35 పెట్టుకున్న టైరు, జనవరిలో మైనస్ 25 వచ్చేసరికి ఏ లీకూ లేకుండానే 27 అయిపోతుంది. మొదటి గట్టి చలి పడిన పొద్దున మా కాలనీలో సగం కార్లలో గాలి తగ్గిందని చెప్పే పసుపు దీపం వెలుగుతుంది. వెలిగిన దీపం మధ్యాహ్నం బండి కాస్త తిరిగాక ఆరిపోతుంది, కొత్తగా వచ్చిన మన పిల్లలు ‘హమ్మయ్య, అదే సర్దుకుంది’ అనుకుంటారు. సర్దుకోలేదు, వేడెక్కింది అంతే.

ఇక్కడ అమెరికాలో 2000లో ఫైర్‌స్టోన్ కంపెనీ టైర్లు పగిలి పెద్ద గొడవైంది. ఆ ఏడాదే చట్టం తెచ్చారు. 2007 సెప్టెంబరు నుంచి కొత్త కార్లన్నిటికీ గాలి తగ్గితే హెచ్చరించే దీపం తప్పనిసరి. అయితే ఆ దీపం వెలగాల్సిన హద్దు కంపెనీ చెప్పినదానికంటే 25 శాతం తగ్గినప్పుడు. అంటే 35కి 26 దాకా పడిపోయినా అది నోరు మెదపకపోవచ్చు. మీ తెర అంకె చూపిస్తుంది కాబట్టి మీది ఇంకా నయం. ఇండియాలో కొన్ని కార్లలో టైరు లోపల సెన్సరు ఉండదు, ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) చక్రాల వేగం చూసి ఏ టైరు కుంగిందో అంచనా కడుతుంది. అలాంటి బండిలో గాలి కొట్టించిన ప్రతిసారీ రీసెట్ నొక్కాలి, లేకపోతే అది పాత లెక్కే పట్టుకుని కూర్చుంటుంది. ఇది షోరూములో ఎవరూ చెప్పరు.

గ్యారేజీ ఉన్నవాళ్లకి ఒక మాట. గ్యారేజీలో 10 డిగ్రీలు, బయట మైనస్ 20 అయితే, లోపల 35 పెట్టినా బయటికొచ్చి చల్లబడ్డాక 30 అవుతుంది. ఆ తేడా కలిపి కొట్టుకోవాలి. హైదరాబాద్ సెల్లారు పార్కింగులో ఇంత తేడా రాదు, మీరు పట్టించుకోనక్కర్లేదు.

పిడుగురాళ్ల_మాస్టారు

అందరికీ చాలా థాంక్స్. గాలి తీయించలేదు. నాలుగైదు వందలు పెట్టి సొంత గేజు కొన్నాను, బంకుల్లో ఒక్కో మిషను ఒక్కో అంకె చెబుతోంది మరి. ఇవాళ పొద్దున ఆరింటికి బండి కదలకముందే చూస్తే మూడు టైర్లు 32, 33. ఎడమ వైపు వెనకది మాత్రం 27. మొన్న ఆదివారమే అన్నీ సమానంగా పెట్టించాను. మేకు ఏమైనా దిగిందేమోనని టైరంతా తడిమి చూశాను, ఏమీ కనపడలేదు. ఎండకి ఒక్క టైరే తగ్గుతుందా?

నార్కెట్‌పల్లి_టైర్లు

ఎండకైనా చలికైనా నాలుగూ ఒక్క తీరుగనే పెరుగుతయ్, తగ్గుతయ్ సార్. ఒక్కటే తగ్గితే అది లీకే.

మేకు దొరకలేదంటున్నరు కాబట్టి ముందు ఆ బిరడా సెన్సరు మీదనే నాకు అనుమానం. అది బిగించినప్పుడు లోపలున్న వాల్వ్ పిన్నును నొక్కి పట్టుకొని ఉంటది, అట్ల నొక్కితేనే దానికి గాలి అందేది. అంటే అటెన్క గాలిని ఆపేది ఆ సెన్సరు లోపలి చిన్న రబ్బరు వాషరు ఒక్కటే. మీ ఎండలకు అది గట్టిపడి పగుళ్లిస్తది. సబ్బు నీళ్లు చేసి సెన్సరు మొదట్ల పొయ్యున్రి, బుడగలొస్తే అదే. అప్పుడు సెన్సరు తీసేసి, మామూలు బిరడా పెట్టకముందే పిన్ను కొన మీద గూడ ఒక చుక్క వెయ్యున్రి. అక్కడ గూడ బుడగ వస్తే పిన్ను మార్పియ్యాలె, ఏ పంక్చర్ షాపుల అయినా రెండు నిమిషాల పని. రెండు కాడలా ఏం రాకపోతే వాల్వు రబ్బరు మొదలు, రిమ్ము అంచు సూడాలె, దానికి చక్రం విప్పి నీళ్ల తొట్టిల ముంచాలె.

ఇయ్యాల 33 పెట్టుకొని ఆ సెన్సరు తీసి పక్కన పెట్టున్రి. రేపు, ఎల్లుండి పొద్దుగాల గేజు పెట్టున్రి. దిగకపోతే వెనక 36 కొట్టిచ్చుకొని పెళ్లికి పొండ్రి. దిగితే మాత్రం జాడీలు ఎక్కించకముందే పిడుగురాళ్లలనే చూపిచ్చుకోన్రి, నా దగ్గరికి వచ్చేదాంక ఆగకున్రి.