ఫోన్‌ను ‘ఊరుకోబెట్టడం’ అనవచ్చునా?

విజయనగరంలో మా వీధి రామమందిరంలో హరికథ జరుగుతుండగా నా లాల్చీ జేబులోని ఫోన్ మోగింది. దాసుగారు పద్యం ఎత్తుకున్న క్షణానే మోగడంతో ముందువరుసలోని తలలన్నీ నా వైపు తిరిగాయి. తడబడుతూ దానిని బయటికి తీయబోతుంటే పక్కన కూర్చున్న పెద్దావిడ ‘‘బేగి ఊరుకోబెట్టు బాబూ’’ అన్నారు. గుడ్డ మీదుగానే తడిమి, పక్కనున్న మీటను నొక్కాను, మోత ఆగింది. ‘సైలెంట్‌లో పెట్టడం’ అని మనం రోజూ అంటున్న పనికి ఆవిడ వాడిన క్రియ కంటే ఒదిగిన తెలుగు మాట ఉన్నదా అని అప్పటి నుంచీ ఆలోచిస్తున్నాను.

ముందుగా ఆ పని ఏమిటో చూడాలి. మోగుతున్న ఫోన్‌కు పక్కనుండే పవర్ మీటను గాని, శబ్దాన్ని పెంచే తగ్గించే మీటల్లో ఒకదానిని గాని ఒక్కసారి నొక్కితే సాధారణంగా మోత మాత్రమే ఆగుతుంది, కాల్ తెగదు. అవతలివారికి రింగు వినబడుతూనే ఉంటుంది కనుక మనం గుడి వెలుపలికి వచ్చి తాపీగా ఎత్తుకోవచ్చు. ఐఫోన్‌లో పక్క మీటను వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే మాత్రం కాల్‌ను తిరస్కరించినట్టే. ‘కట్ చేయడం’ వేరు, ఇది వేరు.

ఈ పనికి ‘మౌనం’, ‘నిశ్శబ్దం’ అనే మాటలు అంతగా ఒదగవు. మునిభావం మౌనం, అది తనంతట తాను పూనేదే తప్ప ఒకరు నొక్కితే వచ్చేది కాదు. ‘నిశ్శబ్దం’ స్థితిని చెబుతుంది గాని పనిని చెప్పదు, దానిని ‘నిశ్శబ్దపరచు’ అని సాగదీస్తే ప్రభుత్వ ఉత్తర్వు చదువుతున్నట్టు ఉంటుంది. ఏడుస్తున్న బిడ్డను ఊరుకోబెట్టినప్పుడు ఏడుపు పోతుంది, బిడ్డ చంకలోనే ఉంటుంది. ఇక్కడా మోత పోతుంది, కాల్ నిలిచే ఉంటుంది. వ్యాకరణానికీ ఇబ్బంది లేదు: ‘ఊరుకొనన్’ మీద ‘పెట్టు’ చేరినప్పుడు ద్రుతం (చివరనున్న నకారం) వల్ల పకారం బకారమవుతుంది, పడుకోబెట్టు, కూర్చోబెట్టు కూడా ఇలా వచ్చినవే.

శ్రీకాకుళం నుంచి ఒక సభ్యుని జవాబు:

అయ్యా, మాట బాగున్నది గాని నాకొక అభ్యంతరం ఉన్నది. బిడ్డను ఊరుకోబెట్టడానికి జోకొట్టాలి, ఎత్తుకు తిప్పాలి. మీట నొక్కడం క్షణంలో అయిపోయే పని. ఆవిడ ‘బేగి’ చేర్చడంలోనే ఆ లోటు తెలుస్తున్నది. (వేగం నుంచి వచ్చిన ఈ ‘బేగి’ మన ఎల్ల దాటితే ఒడియాలోనూ వినిపిస్తుంది.) ‘గొంతు నొక్కడం’ అంటే వేగమూ ఉంటుంది, మీటను నొక్కడమూ అందులోనే ఇమిడిపోతుంది.

రెండవ మాట. ఈ ఒక్క మోతను ఆపడం వేరు, ఇకముందు ఏదీ మోగకుండా చేయడం వేరు. 2007లో వచ్చిన మొదటి ఐఫోన్ నుంచే రెండవ పనికి పక్కన చిన్న మీట ఉండేది. 2023లో ఐఫోన్ 15 ప్రో దాని స్థానంలో నొక్కిపట్టే బొత్తాన్ని తెచ్చింది. 2018 నాటి ఆండ్రాయిడ్ 9తో పిక్సెల్ వంటి ఫోన్లలో పవర్ మీటనూ శబ్దం పెంచే మీటనూ కలిపి నొక్కితే మోత ఆగి కంపనానికి మారే ఏర్పాటు వచ్చింది. కొత్త ఫోన్లు కొన్నింటిలో అదే జంట నొక్కు ఫోన్ ఆపివేసే పట్టికను తెరుస్తుంది కనుక సెట్టింగులు చూసుకోవాలి. నేనైతే ఒక సంతాపసభలో కంగారుగా శబ్దం తగ్గించే మీటను కలిపి నొక్కి, తెరను ఫోటో తీసుకున్నాను. ఫోన్ మోగడం కన్నా ఆ ‘క్లిక్’ అనే చప్పుడే నన్ను ఎక్కువ సిగ్గుపరిచింది.

మొదట అడిగిన సభ్యుని సమాధానం:

‘గొంతు నొక్కడం’ నాకు సమ్మతం కాదు. పత్రికల్లో ఆ మాట హక్కులను అణచివేయడానికి స్థిరపడిపోయింది; పైగా గొంతు నొక్కితే ప్రాణం పోతుంది, ఇక్కడ కాల్ బతికే ఉన్నది. మీరు ‘మీట’, ‘బొత్తాం’ రెండూ వాడారు. బొత్తాం పోర్చుగీసు నుంచి మనకు చేరిన మాట. మీట మనదే, ‘మీటు’ క్రియతో చుట్టరికం ఉన్నది. మా జిల్లా బొబ్బిలిలో పనస చెక్కతో చేసే వీణ తీగను మీటితే మోగుతుంది, ఫోన్ మీటను నొక్కితే మోత ఆగుతుంది. ఒకే ఇంటి మాటలు ఇలా ఎదురెదురు పనులకు దిగడం నాకు ముచ్చటగా ఉన్నది.

మీ రెండవ మాటను మాత్రం ఒప్పుకుంటున్నాను. మా మందిరం గుమ్మానికి ‘ఫోన్లు ఊరుకోబెట్టి లోనికి రండి’ అని బల్ల రాయించాలనుకున్నాను. ఇంకా ఏడవని బిడ్డను ఊరుకోబెట్టలేము గనుక అది పొసగదు. బల్ల మీద ‘మీ ఫోన్లు సద్దు చేయకుండా చూసుకోండి’ అని రాయిస్తాను; శబ్దానికి తద్భవమైన ఆ ‘సద్దు’ మాటను మన ఊళ్లలో ముసలివారు ఇంకా వాడుతూనే ఉన్నారు. ‘ఊరుకోబెట్టు’ను హరికథ మధ్యలో మోగే ఫోన్‌కే ఉంచుకుందాం.