సమస్యాపూరణం: "నెమలి పురిని విప్పి నిమ్మ కోసె"

నిర్వాహకుడు (ఎంవీపీ కాలనీ, విశాఖ):

ఈ వారం సమస్య ఆటవెలదిలో. నాలుగో పాదం ఇది, ముందు మూడు పాదాలూ మీరు రాయాలి:

నెమలి పురిని విప్పి నిమ్మ కోసె

మొదటి రెండూ న గణాలు (మూడు లఘువులు), తర్వాత మూడూ హ గణాలు (గురువు, లఘువు), నె–ని యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు. నెమలికి చేతులెక్కడివని అడగబోయేవాళ్లకు ముందే చెబుతున్నా. మొన్న బీచ్ రోడ్డులో కలిసినప్పుడు మన గాజువాక ఫిట్టర్ జేబులోంచి తీసిన మడత కత్తి చూశారు కదా. పిడి నిండా నెమలి కన్నులు, ఇరుసు దగ్గర చిన్న తల, అలుగు మీద అలలు అలలుగా డమాస్కస్ గీతలు, జేబుకు తగిలించే క్లిప్పు మీద మబ్బులు. చైనాలో తయారైంది. "అబ్బ, ఏం పనితనం" అని కొందరు, "కత్తికి ఇన్ని నగలెందుకు, అదేమన్నా పెళ్లికూతురా" అని కొందరు. చీకటి పడినా వాదన తెగలేదు. మిగతాది పద్యాల్లో తేల్చుకోండి. షరతు ఒకటే: నిమ్మకాయ ఎందుకు కోయాల్సి వచ్చిందో పద్యంలోనే తెలియాలి.

సీతమ్మధార తెలుగు పంతులు:

చీన దేశమందు చేసిన కత్తిపై
పింఛ మొకటి చెక్కె పేరు లేని
శిల్పి చేయి, దాని చిటికెతో తెరచిన
నెమలి పురిని విప్పి నిమ్మ కోసె.

నిర్వాహకుడు: యతులన్నీ కుదిరాయి. మూడో పాదంలో శి–చి కూడా చెల్లుతుంది. "చిటికెతో తెరచిన" చక్కగా పడింది. అలుగు వెనక చిన్న కొమ్ములా ఉండే ఫ్లిప్పర్‌ని చూపుడువేలితో నొక్కితే టక్కున తెరుచుకుంటుంది, అచ్చంగా చిటికె వేసినట్టే. నిమ్మకాయకు మాత్రం కారణం లేదు. తెరిస్తే కోసిందంటున్నారు, దేనికి కోసిందో?

గాజువాక ఫిట్టర్: ఏటి పంతులుగారూ, శిల్పి చెయ్యి ఎక్కడుంది ఇందులో? అది సీఎన్‌సీ మిషన్ పని. కంప్యూటర్‌లో బొమ్మ గీసి ఇస్తే కట్టర్ పోయి టైటానియం పిడిని తొలుస్తుంది. వందో కత్తి మీదా అదే కన్ను, అదే ఈక. నేను భూతద్దం పెట్టి చూశా, గాడి అడుగున కట్టర్ తిరిగిన గీతలు వరసగా ఉన్నాయి. చేత్తో చెక్కితే అలా రావు.

సీతమ్మధార తెలుగు పంతులు: బొమ్మ గీసినవాడికి చెయ్యి ఉంటుంది కదా బాబూ. అతని పేరు పెట్టె మీద వేశారా? వేస్తే చెప్పు, "పేరు లేని" తీసేస్తాను.

గాజువాక ఫిట్టర్: వెయ్యలేదు. సరే, ఉంచండి. ఇదిగో నాది:

రంగు డబ్బ లేదు, రవ్వంత కుంచెయు
లేదు, మెరుపు తీగ లీల వలన
నీలి పసుపు లొలికె నిగనిగ పిడిమీద;
నెమలి పురిని విప్పి నిమ్మ కోసె.

నిర్వాహకుడు: మొదటి మూడు పాదాలు చదివి కుర్చీలోంచి లేచాను, నాలుగోది చదివి మళ్లీ కూర్చున్నాను. సమస్య అతికించినట్టుంది గానీ పూరించినట్టు లేదు. అయినా "మెరుపు తీగ లీల" అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం కాస్త చెప్పు.

గాజువాక ఫిట్టర్: టైటానియం ముక్కని విద్యుత్తును పోనిచ్చే ద్రావణంలో ముంచి కరెంటు పెడితే దాని మీద పల్చటి ఆక్సైడ్ పొర కడుతుంది. వోల్టేజీ పెంచేకొద్దీ పొర మందమవుతుంది, మందాన్ని బట్టి రంగు మారుతుంది. మొదట కంచు రంగు, తర్వాత ఊదా, నీలం, ఇంకా పెంచితే పసుపు, గులాబీ, ఆకుపచ్చ. పొరకి సొంత రంగేమీ లేదు. పొర పైనుంచీ అడుగునుంచీ తిరిగొచ్చే వెలుగులు కలిసి ఆ రంగు చూపిస్తాయి. అందుకే పద్యంలో డబ్బా లేదు, కుంచె లేదు అన్నది.

పెదజాలారిపేట టీచరమ్మ: అయితే నీ పద్యంలో నువ్వు చూడని అందం ఒకటి ఉంది బాబూ. నెమలి ఈకలో కూడా నీలం రంగు పదార్థం ఉండదు. ఈక పోగుల్లో మెలనిన్ అనే ముదురు రంగు పదార్థపు కడ్డీలు సన్నగా, వరసగా పేర్చి ఉంటాయి. వాటి మధ్య ఎడాన్ని బట్టి ఒకచోట నీలం, ఒకచోట ఆకుపచ్చ కనిపిస్తాయి. ఈకను నలిపి పొడి చేస్తే ఆ నీలం పోయి గోధుమ రంగు పొడి మిగులుతుంది. ఎనిమిదో తరగతి పిల్లలకు చెబుతుంటాను. నెమలి బొమ్మకు ఈ పద్ధతిలో రంగు తెప్పించినవాడు తెలిసి చేశాడో తెలియక చేశాడో గానీ, సరైన పని చేశాడు.

నిర్వాహకుడు: ఇంత మాట మూడో పాదంలో ఇమిడిస్తే బహుమతి అక్కడే అయిపోయేది. "నిగనిగ" తీసేసి ఈక సంగతి పట్టే మాట వెతుకు. ని అక్షరం మాత్రం వదలొద్దు.

మధురవాడ ఐటీ కుర్రాడు: ఇదే నా మొదటి ఆటవెలది. దయ చూపించండి.

పులులు పాములున్న పొడుగాటి పిడికన్న
తాతగారి చిన్న చాకు మేలు
అనుచు నుండ మనుమ డాటగా నవ్వుచు
నెమలి పురిని విప్పి నిమ్మ కోసె.

నిర్వాహకుడు: దయ చూపించేంత చెడ్డగా లేదు. పైగా ఒక గడుసు పని చేశావు. సమస్యలో కోసింది నెమలి అయితే, నీ పద్యంలో కోసింది మనవడు. "నెమలి పురి" అన్నది కత్తి పిడి అయిపోయింది. ఇలా కర్తను మార్చేయడం పూరణల్లో పాత ఎత్తే, కానీ మొదటి పద్యంలోనే పట్టావు. రెండో పాదంలో యతి తప్పింది. తా–చా కుదరవు, తకు చతో మైత్రి లేదు. ఇలా చూడు:

పులులు పాములున్న పొడుగాటి పిడియేల,
చాలు తాతగారి చాకు నాకు

చా–చా సరిపోయింది, మాట కూడా బిగిసింది.

మధురవాడ ఐటీ కుర్రాడు: తీసుకున్నా. కానీ మాస్టారూ, నా అసలు గొడవ పులుల మీద. ఆన్‌లైన్‌లో చూడండి, డ్రాగన్, పుర్రె, పులి, తామరపువ్వు అన్నీ ఒకే పిడి మీద. పట్టుకుంటే అరచేతిలో పుర్రె పళ్లు గుచ్చుకుంటాయి. చైనా సరుకంటే ఇంతే అనిపిస్తుంది.

గాజువాక ఫిట్టర్: ఆ మాటకి మాత్రం ఒప్పుకోను. గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో యాంగ్‌జియాంగ్ అని ఊరుంది, కత్తులు, కత్తెరలు చెయ్యడంలో ఆ ఊరికి పేరు. నువ్వు చెప్పే పుర్రెల కత్తి అక్కడే తయారై ఉండొచ్చు. సివివి, కైజర్ లాంటి కంపెనీల కత్తులూ అక్కడివే. చాలావాటి పిడి మీద బొమ్మ ఉండదు, మూసినప్పుడు అలుగు వెంట్రుకవాసి తేడా లేకుండా మధ్యలో కూర్చుంటుంది. ముందు బొమ్మ చూడకు తమ్ముడూ. అలుగు మధ్యలో పడుతోందా, తెరిచాక లాక్ గట్టిగా నిలుస్తోందా, అలుగు పట్టుకుని పక్కలకు ఊపితే కదులుతోందా, అవి చూడు.

వన్‌టౌన్ చరిత్ర మాస్టారు: మన ఊరు ఈ విషయంలో ఎవరినీ ఎగతాళి చెయ్యడానికి లేదు. 18వ శతాబ్దంలో విశాఖ పనివాళ్లు దంతం పొదిగి చేసిన పెట్టెలు, బల్లలు, అద్దాల చట్రాలు ఓడలెక్కి ఇంగ్లండు పోయాయి. దంతపు రేకుల మీద సన్నగా పూలు, లతలు, మేడలు చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపేవారు. కొన్నవాళ్లు ఇంగ్లీషు దొరలు, అందుకే బల్లల వంపులు వాళ్ల అభిరుచివి, లతలు మనవి. ఇవాళ దంతం వ్యాపారం నిషేధం, ఆ పెట్టెలు కొన్ని లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. పరదేశపు జేబుకు తగ్గట్టు బొమ్మలు చెక్కడం చైనావాళ్లు కొత్తగా మొదలుపెట్టింది కాదు.

దొరల కొరకు నాడు తొడిగిరి దంతము
మన విశాఖ వారు మందసాల
కట్టి దారి నేడు కైకొనె చీనయు;
నెమలి పురిని విప్పి నిమ్మ కోసె.

నిర్వాహకుడు: "మందసాలకు, అట్టి దారి" అని రెండో పాదం నుంచి మూడోదానిలోకి జారడం నాకు నచ్చింది. క–కై యతి కూడా నిక్కచ్చిగా ఉంది. కానీ మీ నిమ్మకాయ మూడో పాదం దాటేసరికి ఓడెక్కి వెళ్లిపోయింది మాస్టారూ. షరతు షరతే.

అలుగు మీది డమాస్కస్ గీతల మాట కూడా ఇక్కడే అనేస్తాను, ఆ కత్తిలో నాకు గిట్టనిది అదొక్కటే. ఈ రోజుల్లో నిఖార్సుగా చేసే డమాస్కస్ అంటే రెండు రకాల ఉక్కును పొరలుగా కలిపి సాగదీసి, ఆమ్లంలో ముంచితే పొరలు బయటపడతాయి. సానరాయి మీద అరగదీసినా మళ్లీ ముంచితే గీతలు తిరిగొస్తాయి. ఈ కత్తి మీదివి లేజరుతో గీసినవి, అరిగితే పోతాయి. నెమలి బొమ్మ నేను నెమలినని అబద్ధం చెప్పదు. ఈ గీతలు మాత్రం లేని ఉక్కును ఉన్నట్టు చూపిస్తాయి.

వన్‌టౌన్ చరిత్ర మాస్టారు: నిజామాబాద్ దగ్గర కోనసముద్రం ఉక్కు కోసం పారశీక వర్తకులు వచ్చేవారు. పాతకాలపు డమాస్కస్ కత్తులకు పేరు తెచ్చినవాటిలో మన దక్కను మూస ఉక్కు, అంటే మట్టి మూసలో కరిగించి తీసిన ఉక్కు, ఒకటి. తెలుగువాళ్ల ముందు లేజరు గీతలు పెడితే ఎలా మరి!

కంచరపాలెం మెకానిక్:

దసర నాడు కొత్త తళుకుల కత్తికి
దిష్టి తగులు నంచు తీసి పెట్టి
బొట్టు పెట్ట, తానె పూజారి వలెనిల్చి
నెమలి పురిని విప్పి నిమ్మ కోసె.

నిర్వాహకుడు: హమ్మయ్య, నిమ్మకాయకు పని దొరికింది! ఆయుధపూజలో తన దిష్టి తనే తీసుకున్న కత్తి. రెండో పాదంలో "తీసి పెట్టి" కాస్త నింపుడు మాట, దేన్ని తీశారో తెలియదు. మిగతాది పడి పడి నవ్వించింది.

పెదజాలారిపేట టీచరమ్మ: కత్తి రెండు రోజులు మా ఇంట్లోనే ఉంది, చూసి ఇస్తానని ఫిట్టర్ దగ్గర అడిగి తెచ్చుకున్నా. ఆ రెండు రోజుల ఫలితం ఇది:

చేప పొలుసు లంటి చెడెగదా చెక్కడం,
కంపు వదల లేదు కడిగినంత;
వాస నడచ దలచి వంటింటి లోపల
నెమలి పురిని విప్పి నిమ్మ కోసె.

గాజువాక ఫిట్టర్: అమ్మా! ఆ కత్తితో చేప కోశారా?

పెదజాలారిపేట టీచరమ్మ: పండుగప్ప. పెద్దగా ఏమీ కాదులే, కత్తిపీట మీద కోసేశాక పొట్ట దగ్గర కాస్త శుభ్రం చేశానంతే. అలుగు బాగా తెగింది, అందులో వంక లేదు. కానీ పొలుసు ఒకటి నెమలి కన్నులో ఇరుక్కుంది. కుళాయి కింద పెట్టినా రాలేదు, పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే వచ్చింది. వాసన మాత్రం గాడుల్లో అలాగే ఉంది. సరే అని నిమ్మకాయ కోసి, ఆ చెక్కతోనే పిడి రుద్దాను. వాసన పోయింది. తెల్లారి చూస్తే అలుగు మీద బూడిద రంగు మచ్చ.

గాజువాక ఫిట్టర్: అది డీ2 ఉక్కమ్మా. తుప్పును ఆపే క్రోమియం 12 శాతం దాకా ఉంటుంది గానీ, కార్బన్ 1.5 శాతం ఉండడం వల్ల క్రోమియంలో చాలా భాగం దానితో కలిసి కార్బైడ్లనే గట్టి రేణువులైపోతుంది. పదును చాన్నాళ్లు నిలిచేది వాటి వల్లే, మచ్చలు పడేదీ వాటి వల్లే. పులుపు తగిలితే వెంటనే కడిగి పొడిగా తుడవాలి. మన సముద్రపు గాలికి ఊరికే సొరుగులో ఉన్నా చుక్కలొస్తాయి, ఒక చుక్క నూనె రాసి పెట్టాలి. 14సీ28ఎన్ అనే స్వీడన్ ఉక్కుతో చేసినవి ఈ ఊరికి నయం. పర్లేదు, మచ్చ నేను పాలిష్ చేసుకుంటా. కానీ తెరిచినప్పుడు కరకరమంటోందేంటి?

పెదజాలారిపేట టీచరమ్మ: మనవడు బీచ్‌కి తీసుకెళ్లాడు.

గాజువాక ఫిట్టర్: అయిపోయింది, బేరింగుల్లోకి ఇసుక!

నిర్వాహకుడు: ఈ వారం బహుమతి టీచరమ్మదే. చేప, కంపు, వంటిల్లు, నిమ్మ అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి, సమస్యలోని వింత మాయమై అది మామూలు వంటింటి సంగతి అయిపోయింది. యతులు చే–చె, కం–క, వా–వం, ఒక్కటీ లాగి తెచ్చింది కాదు. పైగా కత్తి మీద తీర్పు కూడా అందులోనే ఉంది. నెమలి బొమ్మ ఉండొద్దని ఆవిడ అనలేదు, చెక్కడం చెడిందన్నారు. నన్నడిగితే, అరచెయ్యి ఆనేచోట నున్నగా వదిలేసి, కన్నులు లోతు తగ్గించి, లేజరు గీతలూ మబ్బుల క్లిప్పూ తీసేస్తే ఆ కత్తి నేనే కొంటాను. రెండో స్థానం కంచరపాలెం దిష్టికి. మధురవాడ కుర్రాడు సవరించిన పద్యం పూర్తిగా మళ్లీ రాసి పెట్టాలి.

ఫిట్టర్‌కి ఒక మాట. వచ్చే నెల హైదరాబాద్ విమానంలో వెళ్తానన్నావు, కత్తిని చేతి సంచిలో పెట్టుకోకు. సెక్యూరిటీ దగ్గర నెమలి ఎగిరిపోతుంది.

వచ్చే వారం తేటగీతి. శనివారం రాత్రికల్లా పంపండి:

తుప్పు పట్టిన కత్తియె తోడు మనకు

గాజువాక ఫిట్టర్: ఇది టీచరమ్మ ఇచ్చిన సమస్యేనా?