జలపాతం ఫొటోలో నీళ్లు పాలనురగలా ఉండాలా, నీళ్లలా ఉండాలా?

అడవిదారి:
పోయిన ఆదివారం ఆదిలాబాద్ జిల్లా కుంతాల వెళ్లొచ్చాను. 6 స్టాప్‌ల ఎన్‌డీ ఫిల్టర్ (లెన్స్‌లోకి వెళ్లే వెలుతురును 64వ వంతుకు తగ్గించే నల్ల అద్దం) పెట్టి 15 సెకన్లకు తీసిన ఫొటో మా గ్రూపులో పెట్టాను. చాలామంది బాగుందన్నారు, ఇద్దరు మాత్రం "ఇది జలపాతం కాదు, దూది" అన్నారు. ఇలా షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి తీయడం, అదే లాంగ్ ఎక్స్‌పోజర్, నిజంగా మోసమేనా?

కడెంగట్టు:
మోసం ఎలా అవుతుంది తమ్ముడూ? సెకనులో 1000వ వంతుకు తీస్తే చుక్కలు గాజుపూసల్లా గాల్లో ఆగిపోతాయి. అదీ మన కంటికి కనిపించేది కాదు కదా. దాన్ని ఎవరూ తప్పు పట్టరు, దీన్నే ఎందుకు పట్టాలి? అడవిలో ఉండే ప్రశాంతత 15 సెకన్ల ఫొటోలోనే వస్తుంది.

టేకుపూత:
కడెంగట్టు అన్నా, కంటి విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. ప్రశాంతత అన్నారు చూడండి, నా గొడవ అక్కడే.

కుంతాలలో కడెం వాగు దాదాపు 45 మీటర్ల ఎత్తు నుంచి రాతి మెట్ల మీదుగా దూకుతుంది. వానాకాలంలో పైన గట్టిగా కురిస్తే నీళ్లు మట్టిరంగుకు తిరుగుతాయి. కిందికి దిగుతుండగానే ఆ హోరు గుండెల్లో తెలుస్తుంది, పక్కవాళ్లతో అరిచి మాట్లాడాలి. 15 సెకన్ల ఫొటోలో అదంతా పోయి, రాళ్ల మీద మంచు పరుచుకున్నట్టు కనిపిస్తుంది. అక్కడ నీళ్లలో దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఇంత నెమ్మదైన నీళ్లని ఫొటోలో చూసి పిల్లలతో బయల్దేరే వాళ్లను తలచుకుంటే నాకు టెన్షన్‌గా ఉంటుంది.

ఇక ఫొటో సంగతి. మూడేళ్ల కిందట ఆగస్టులో మబ్బు పట్టిన రోజు అక్కడే ట్రైపాడ్ వేశాను. నీటి తుంపర ప్రతి అర నిమిషానికీ ఫిల్టర్ మీద పడుతోంది. తుడవడం, నొక్కడం, మళ్లీ తుడవడం. 2 సెకన్లకు తీస్తే పక్కనున్న టేకు కొమ్మ మొత్తం పచ్చటి మరక అయిపోయింది. చేటంత ఆకులు, జలపాతం గాలికే ఊగుతున్నాయి. తగ్గించుకుంటూ వచ్చి సెకనులో 6వ వంతు దగ్గర ఆగాను. అప్పుడు నీళ్లు పాయలు పాయలుగా విడిపోయాయి. ఏ పాయ ఏ రాయికి కొట్టుకుని పక్కకు తిరిగిందో వేలు పెట్టి చూపించవచ్చు. కదలిక ఉంది, బరువూ ఉంది. పోలరైజర్ ఫిల్టర్ తిప్పితే తడిరాళ్ల మెరుపు తగ్గి వాటి నలుపు బయటపడింది, ఆకుల పచ్చదనం కూడా తేలింది. పోలరైజరే కొంత వెలుతురు తినేస్తుంది కాబట్టి మబ్బు రోజున ఇంత స్పీడుకు ఎన్‌డీతో పనే పడలేదు.

అలాగని లాంగ్ ఎక్స్‌పోజర్ వద్దే వద్దనను. డిసెంబరు తర్వాత నీళ్లు సన్నబడి దారాల్లా జారే రోజుల్లో 1, 2 సెకన్లు చక్కగా సరిపోతాయి. అప్పుడు వాగే మెత్తగా ఉంటుంది. వాగు ఎలా ఉందో చూసి షట్టర్ పెట్టమంటున్నాను, అంతే.

అడవిదారి:
అన్నా, ఫిల్టర్ బిగించకముందు ట్రయల్‌గా సెకనులో 4వ వంతుకు తీసింది ఒకటుంది. డిలీట్ చేద్దామనుకున్నాను. మీరు చెప్పాక రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. ఎడమవైపు రెండో మెట్టు మీద నీళ్లు రాయికి తగిలి విసనకర్రలా పైకి లేచాయి. 15 సెకన్ల దాంట్లో అదే చోట తెల్లటి పొగ తప్ప ఏమీ లేదు.

కడెంగట్టు:
నాకు మాత్రం ఇప్పటికీ పొగదే నచ్చింది, ఇంట్లో గోడకు కట్టుకోవాలంటే అదే కట్టుకుంటాను. కానీ టేకుపూత చెప్పిన ప్రమాదం సంగతి నిజం. నువ్వు ఏది పెట్టినా, దాని కింద ఆ రోజు వాగు ఎంత ఉధృతంగా ఉందో ఒక్క ముక్క రాయి తమ్ముడూ.