చర్చ: టికెట్ తీసింది, ఫోన్ ఆగిపోయింది, 260 కట్టింది

చీపురుపల్లి అన్నయ్య:
అందరికీ నమస్కారం. మా చెల్లి రోజూ చీపురుపల్లి నుంచి విజయనగరం కాలేజీకి పాసింజర్‌లో వెళ్తుంది. బుధవారం ఫోన్‌లోనే టికెట్ తీసింది, 10 రూపాయలు. నెల్లిమర్ల దాటాక చెకింగ్ వచ్చింది. సరిగ్గా అప్పుడే చార్జింగ్ అయిపోయి ఫోన్ ఆగిపోయింది. ఎదుటి సీటాయన పవర్ బ్యాంక్ ఇచ్చాడు కానీ ఫోన్ ఆన్ అయ్యేలోపే రసీదు చేతిలో పెట్టేశారు. చార్జీ 10, పెనాల్టీ 250. పిల్ల దగ్గర 140 ఉన్నాయి. మిగతా 120 గరివిడిలో ఎక్కిన పూలావిడ కొంగుముడి విప్పి ఇచ్చింది. కట్టకపోతే దింపేస్తామన్నారట. ఇంటికొచ్చి అన్నం కూడా తినలేదు.
నా ప్రశ్నలు మూడు. ఆ డబ్బు తిరిగి వస్తుందా? ఫోన్ ఆగిపోతే ఏం చెయ్యాలి? ఒంటరిగా ఉన్న ఆడపిల్లని దారిలో దింపెయ్యొచ్చా?

టీటీఈ రిటైర్డ్ 31 ఏళ్లు:
బాబూ, 31 ఏళ్లు ఈ పని చేశాను, తెలిసే చెబుతున్నా. ఫోన్ టికెట్ ఫోన్‌లో చూపించలేకపోతే టికెట్ లేనట్టే లెక్క. 1989 రైల్వే చట్టం సెక్షన్ 138: మామూలు చార్జీ, దాని మీద అంతే చార్జీ లేదా 250, ఏది ఎక్కువైతే అది. ఈ 250 అనేది 2004 నుంచి ఉంది, అంతకు ముందు 50. మోసం చేస్తే అది సెక్షన్ 137, ఆరు నెలల దాకా జైలు, వెయ్యి దాకా జరిమానా. మీ చెల్లి మీద రాసింది 138. అంటే ఆమెను దొంగ అని ఎవరూ అనలేదు. అది ముందు తెలుసుకోండి.

ఉర్లాం రాజు:
138 గురించి మీరు చెప్పక్కర్లేదు మేష్టారూ, మాకు కంఠతా వచ్చు. పండక్కి చెన్నై నుంచి ఆరుగురం వచ్చాం, అందరం సెంట్రింగ్ పనివాళ్లమే. జనరల్ టికెట్లు ఉన్నాయి. జనరల్ పెట్టె తలుపు దగ్గర కాలు పెట్టే చోటు లేదు. ఒకడి చేతికి దెబ్బ, కట్టు ఉంది. స్లీపర్‌లో బాత్రూమ్ పక్కన నిలబడ్డాం, కూర్చోలేదు కూడా. ఒక్కొక్కరికి చార్జీ తేడా, పైన 250. తేడా పక్కన పెట్టండి, పెనాల్టీయే 1500. అది ఇద్దరి ఒకరోజు కూలి. టికెట్ కొన్నవాణ్ని, కొననివాణ్ని ఒకే గాటన కడితే ఎలా? జనరల్ పెట్టెలు ఎన్ని ఉన్నాయో ముందు అది చూడండి.

టీటీఈ రిటైర్డ్ 31 ఏళ్లు:
స్లీపర్‌లో నాలుగు నెలల ముందు రిజర్వేషన్ చేసుకున్నవాడి సంగతేంటి? రాత్రి బాత్రూమ్‌కి వెళ్లడానికి మనుషుల్ని దాటుకుంటూ పోవాలి. వాళ్లు మా మీదే అరిచేవారు. ఇంకోటి, ఆ నాలుగు నెలలు ఇప్పుడు రెండు నెలలైంది, 2024 నవంబర్ నుంచి 60 రోజులే.

ఉర్లాం రాజు:
నేను చెప్పింది ఏమిటి, మీరు చెప్పేది ఏమిటి? 60 రోజుల ముందు సెంట్రింగ్ పని ఎప్పుడు అయిపోతుందో మేస్త్రీకే తెలీదు.

చంపావతి:
అన్నయ్యా, మూడో ప్రశ్నకి నేను చెబుతాను, ఎవరూ పట్టించుకోలేదు. సెక్షన్ 139 చదవండి. మగతోడు లేని ఆడవాళ్లని, పిల్లల్ని ఎక్కడ పడితే అక్కడ దింపకూడదు. ఎక్కిన స్టేషన్, జంక్షన్, రైలు ఆఖరి స్టేషన్, లేదా జిల్లా కేంద్రంలో ఉన్న స్టేషన్. అదీ పగలే. నెల్లిమర్ల దాటాక ఇక వచ్చేది విజయనగరమే, అది జంక్షనూ, జిల్లా కేంద్రమూ. ఎలాగూ ఆమె దిగాల్సింది అక్కడే. దింపేస్తామని భయపెట్టడం తప్పు. ఈ సెక్షన్ ప్రతి ఆడపిల్లకీ తెలియాలి.

కోటబొమ్మాళి:
139కి నేనూ ఫోన్ చేశాను, బాగానే మాట్లాడారు.

చంపావతి:
అది హెల్ప్‌లైన్ నంబరండీ. నేను చెప్పేది చట్టంలో సెక్షన్.

నాగావళి ఒడ్డు:
అయితే శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దింపొచ్చన్నమాట, అదీ జిల్లా కేంద్రమే కదా.

వలస వాసి:
ఎవరన్నారండీ? స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. మాది వేరే ఊరు, వేరే మున్సిపాలిటీ. శ్రీకాకుళం అక్కడికి 13 కిలోమీటర్లు. పేరు శ్రీకాకుళం రోడ్ అయినంత మాత్రాన జిల్లా కేంద్రం అయిపోదు.

నాగావళి ఒడ్డు:
ఊరంతా శ్రీకాకుళం స్టేషన్ అనే అంటారు. బోర్డు మీద ఉన్నదీ అదే. ఇప్పుడు కొత్తగా గీత గీస్తే ఎలా?

వలస వాసి:
ఊరంతా అంటే మీ ఊరు. మా ఊరి పేరు ఎవరూ చెప్పరు, ఆ బాధ మీకు తెలీదు. అయినా నేను దానికోసం అనడం లేదు. ఒక ఆడమనిషిని అక్కడ దింపితే ఇంకో 13 కిలోమీటర్లు ఆటోలోనో బస్సులోనో పోవాలి. జిల్లా కేంద్రం అని రాసింది ఎందుకు? దిగిన చోట నలుగురూ ఉండాలని, సాయం దొరకాలని. ఆ ఉద్దేశం చూడాలి.

నాగావళి ఒడ్డు:
ఆమదాలవలసలో మనుషులు లేరా మరి? మీరే మీ ఊరిని తక్కువ చేసుకుంటున్నారు.

టీటీఈ రిటైర్డ్ 31 ఏళ్లు:
ఇద్దరూ ఆగండి. జంక్షన్లు మర్చిపోయారు. నౌపడ జంక్షన్, గుణుపూర్ లైన్ అక్కడే విడిపోతుంది. బొబ్బిలి జంక్షన్, సాలూరు లైన్‌కి. పార్వతీపురం 2022 ఏప్రిల్‌లో జిల్లా కేంద్రం అయింది కాబట్టి అదీ వస్తుంది. నా సర్వీసులో ఒంటరి ఆడమనిషిని ఒక్కరిని కూడా దింపలేదు. రాత్రి ఒకావిడ చంటిబిడ్డతో ఉంటే నా జేబులోంచి కట్టాను.

కండక్టర్ తమ్ముడు:
రైలు సంగతి సరే, మా బాధ వినండి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం వచ్చింది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి చార్జీ లేదు. కానీ కార్డు చూపించి జీరో టికెట్ తీసుకోవాలి. చాలామంది "ఫ్రీయే కదా, టికెట్ ఎందుకు" అని చీటీ తీసుకోరు. కొందరు తీసుకుని కిటికీలోంచి పడేస్తారు. చెకింగ్ బస్సు ఎక్కితే తలలు లెక్కపెడతారు, మిషన్‌లో లెక్క చూస్తారు. రెండూ కలవకపోతే సంజాయిషీ ఇవ్వాల్సింది నేను. సంతరోజు 70 మంది ఎక్కుతారు, ఒక చేత్తో కడ్డీ, ఒక చేత్తో మిషన్. అక్కలూ, అమ్మలూ, దయచేసి ఆ చీటీ దిగేదాకా పట్టుకోండి. ఒడిశా వెళ్లే పర్లాకిమిడి బస్సుల్లో ఫ్రీ లేదని కూడా తెలుసుకుని ఎక్కండి. రోజూ ఒక గొడవ.

పాలకొండ రోడ్డు:
తమ్ముడూ, మీరు మంచివారే కావచ్చు. నేను 20 ఇస్తే "దిగేటప్పుడు ఇస్తా" అని టికెట్ కొట్టని కండక్టర్‌నీ చూశాను. మధ్యలో చెకింగ్ వచ్చింది. నాకే నలుగురిలో అవమానం.

చంపావతి:
మోటారు వాహనాల చట్టం సెక్షన్ 178. టికెట్ లేని ప్రయాణికుడికి 500 దాకా జరిమానా ఉంది. డబ్బు తీసుకుని టికెట్ ఇవ్వని కండక్టర్‌కీ అదే సెక్షన్‌లో 500 దాకా ఉంది. రెండో సగం ఎవరూ చెప్పరు.

కండక్టర్ తమ్ముడు:
ఎవరో ఒకడు చేసిన దానికి అందర్నీ అనకండి. ఉద్యోగం పోతే ఇల్లు గడవదు, 20 రూపాయల కోసం ఎవడు చేస్తాడు?

పాలకొండ రోడ్డు:
చేసినవాడిని చూశాను కాబట్టే చెప్పాను. మీరు చేశారని నేను అనలేదు.

పలాస జీడి:
మా మావయ్య హౌరా నుంచి వచ్చే బండి పలాసలో టికెట్ లేకుండా ఎక్కేశాడు, ఆస్పత్రి పని, క్యూలో నిలబడే టైం లేదు. ఎక్కడ ఎక్కావో రుజువేదన్నారు. రుజువు లేకపోతే బండి బయల్దేరిన చోటు నుంచి కట్టాలట. బరంపురంలో ఒకసారి చెకింగ్ జరిగిందని పక్కవాళ్లు చెప్పారు కాబట్టి అక్కడి నుంచి లెక్కేశారు. లేకపోతే హౌరా నుంచే. ఇది నిజంగా రూలేనా?

టీటీఈ రిటైర్డ్ 31 ఏళ్లు:
రూలే. ఆఖరిసారి చెకింగ్ ఎక్కడ జరిగితే అక్కడి నుంచి. అందుకే టికెట్ తీసే టైం లేకపోతే ముందు గార్డు దగ్గరికి వెళ్లి చెప్పి అనుమతి చీటీ తీసుకోవాలి, సెక్షన్ 55. అప్పుడు చార్జీ మాత్రమే, 250 ఉండదు. గార్డుని ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అంటున్నారు.

ఉర్లాం రాజు:
గార్డు ఆఖరి పెట్టెలో ఉంటాడు. మా ఊళ్లో బండి ఆగేది నిమిషం. పరిగెత్తి చీటీ తెచ్చుకుని మళ్లీ ఎక్కాలంటే కుదిరే పనేనా?

టీటీఈ రిటైర్డ్ 31 ఏళ్లు:
రూలు ఉంది, చెప్పాను. వాదన నాతో కాదు.

చీపురుపల్లి అన్నయ్య:
డబ్బు తిరిగి వస్తుందా అన్నది ఎవరూ చెప్పలేదు, పర్వాలేదు. రసీదు దాచాను. చంపావతి అప్పా, 139 చెల్లికి చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకుంది. నిన్న కౌంటర్‌లో నెల సీజన్ టికెట్ తీశాను, కాగితందే, ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి ఇచ్చాను.
ఇంకొక్క మాట. గరివిడిలో పొద్దున పాసింజర్ ఎక్కే పూలావిడ ఎవరికైనా తెలుసా? వెదురు బుట్ట, పైన తడి గోనెపట్టా కప్పుకుని వస్తుంది. చెల్లి మూడు రోజులుగా 120 చేతిలో పట్టుకుని పెట్టె పెట్టె వెతుకుతోంది, కనబడలేదు.

కోటబొమ్మాళి:
బుధవారం, శనివారం వస్తుంది ఆవిడ. వెనకనుంచి రెండో పెట్టెలో చూడమనండి.