సీఈఏ నార్మల్ వస్తే క్యాన్సర్ తిరగబెట్టలేదని నమ్మొచ్చా?

ప్రశ్న:
నాన్నకి పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ అయింది, స్టేజ్ 2 అన్నారు. అప్పట్నుంచి సీఈఏ (ఈ క్యాన్సర్ ఉంటే రక్తంలో తరచూ పెరిగే ఒక ప్రోటీన్) రక్తపరీక్ష చేయిస్తున్నాం, ప్రతిసారీ నార్మలే, అయినా డాక్టర్ గారు సీటీ స్కాన్ కూడా కావాలంటున్నారు. సీఈఏ ఒక్కటి చాలదా? సీటీడీఎన్ఏ టెస్ట్ అయితే లివర్‌కి పాకిందో లేదో చెప్పేస్తుందా? చాలా భయంగా ఉందండీ.

రిప్లై 1:
చాలదండీ, స్కాన్ మానొద్దు. సీఈఏ 1965లో కనిపెట్టిన మార్కర్, కొన్ని ట్యూమర్లు దాన్ని అసలు వదలవు, అటు సిగరెట్ తాగేవాళ్ళకీ లివర్ జబ్బున్నవాళ్ళకీ క్యాన్సర్ లేకపోయినా పెరుగుతుంది. ఆపరేషన్‌కి ముందు ఎంతుందో పాత రిపోర్ట్ తీసి చూడండి, అప్పుడు ఎక్కువుండి తర్వాత దిగిపోతే మీ నాన్నగారి విషయంలో ఆ నంబర్‌కి విలువుంది, వరసగా పెరుగుతూ పోతే మాత్రం ఎక్కడో తిరగబెట్టిందేమోనని వెంటనే వెతుకుతారు.

రిప్లై 2:
సీటీడీఎన్ఏ అంటే ట్యూమర్ కణాలు చచ్చిపోతూ రక్తంలోకి వదిలే డీఎన్ఏ ముక్కలు. ఇవి కొన్ని గంటల్లోనే కరిగిపోతాయి, అందుకే ఆపరేషన్ అయిన కొన్ని వారాల తర్వాత కూడా కనబడుతున్నాయంటే లోపల ఇంకా ఏదో మిగిలిందని గట్టి అనుమానం. ఎక్కడ మిగిలిందో మాత్రం చెప్పదు, దానికి స్కానే దిక్కు. 2022లో వచ్చిన ‘డైనమిక్’ అనే ట్రయల్ స్టేజ్ 2 వాళ్ళ మీదే చేశారు, ఈ టెస్ట్ చూసి కీమో నిర్ణయిస్తే 28 శాతం బదులు 15 శాతం మందికే కీమో పడింది, రెండేళ్ళలో తిరగబెట్టడం మాత్రం పెరగలేదు. నాకైతే ఇది చాలా పెద్ద విషయం అనిపిస్తుంది. కానీ నెగెటివ్ వచ్చిందని పూర్తిగా నిశ్చింతగా ఉండకండి, ఊపిరితిత్తుల్లో చిన్న గడ్డలుంటే ఒక్కోసారి దొరకదు.

రిప్లై 3:
తీసిన గడ్డకి ఎంఎస్ఐ టెస్ట్ (కణాలు డీఎన్ఏ కాపీలో తప్పుల్ని సరిదిద్దుకోలేకపోతున్నాయా అని చూసేది) చేశారా అడగండి ప్లీజ్. ఎంఎస్ఐ హై వస్తే లించ్ సిండ్రోమ్ ఉందేమో కూడా చూడాలి, అది పెద్దపేగు క్యాన్సర్ ముప్పు పెంచే వంశపారంపర్య లోపం, మీకూ మీ తోబుట్టువులకూ చిన్న వయసులోనే కొలొనోస్కోపీ మొదలుపెట్టాల్సి రావచ్చు.