నాన్న ఎడమ కిడ్నీలో 3.6 సెంటీమీటర్ల గడ్డ. కిడ్నీ మొత్తం తీసేయాల్సిందేనా?

కవిటి కుర్రాడు:

అందరికీ నమస్కారం. మాది ఉద్దానం, కవిటి దగ్గర పల్లె. నాన్నకి 59 ఏళ్లు. కొబ్బరి, జీడి తోటలు చూసుకుంటారు. బీపీ మాత్ర వేసుకుంటారు, షుగర్ లేదు. బీడీ మానేసి పదేళ్లయింది.

మా వైపు క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష) చూపించుకోవడం అందరికీ అలవాటే. డయాలసిస్‌కి వెళ్లే మనిషి లేని వీధి లేదు. మా పెదనాన్న కూడా అలాగే పోయారు. నాన్నకి రెండేళ్లుగా 1.5, 1.6 దగ్గర ఆగి ఉంది. ఈసారి డాక్టరు గారు పొట్ట స్కానింగ్ కూడా రాస్తే సోంపేటలో తీయించాం. నేను పక్కనే నిలబడ్డాను. కుడివైపు రెండు నిమిషాల్లో అయిపోయింది. ఎడమవైపుకి వచ్చాక స్కానింగ్ తీసేవాయన చెయ్యి ఒకచోట ఆగింది. మళ్లీ జెల్ రాసి, 'ఇటు తిరగండి, ఊపిరి బిగబట్టండి' అని నాలుగైదు సార్లు అన్నారు. స్క్రీన్ మీద గుండ్రటి మచ్చ, దాని మీద ఈ చివర నుంచి ఆ చివరకి చుక్కల గీత. 3.6 సెంటీమీటర్లు. ఆయన ఏమీ అనకపోయినా నాకు కాళ్లు ఆడలేదు.

నాన్నకి నొప్పి లేదు, మూత్రంలో రక్తం లేదు, బరువు తగ్గలేదు. రిపోర్టు చూసిన ఒక డాక్టరు మాత్రం 'ఇది క్యాన్సరే, కిడ్నీ తీసేయాలి, వారంలో చేర్పించండి' అని రెండు మాటల్లో చెప్పి తర్వాతి పేషెంటుని పిలిచారు. మా నాన్నకి ఉన్న రెండు కిడ్నీలే అంతంతమాత్రం. ఒకటి తీసేస్తే ఆయన కూడా డయాలసిస్ బెడ్ మీదికి వెళ్తారేమోనని భయంగా ఉంది. ఊళ్లో వాళ్లేమో 'మన జబ్బే ముదిరి గడ్డ కట్టింది' అంటున్నారు. సూది గుచ్చి ముక్క తీస్తే ఒళ్లంతా పాకేస్తుందని మావయ్య అంటున్నాడు. అమ్మకి ఇంకా క్యాన్సర్ అన్న మాట చెప్పలేదు.

ఈ దారిలో నడిచినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

పలాస అక్క:

తమ్ముడూ, ముందు కాస్త నెమ్మదించు. 2022లో మా అమ్మకి ఇలాగే 4 సెంటీమీటర్ల లోపు గడ్డ దొరికింది, అదీ పిత్తాశయంలో రాళ్ల కోసం స్కానింగ్ తీస్తే. ఇప్పుడు కిడ్నీ గడ్డలు చాలావరకు ఇలా వేరే పని మీద తీసిన స్కానింగ్‌లోనే బయటపడుతున్నాయట. నొప్పి, రక్తం, చేతికి తగిలే గడ్డ, ఈ మూడూ వచ్చేదాకా ఆగితే ఆలస్యమైపోయినట్టే. మీ నాన్నగారికి ఏ బాధా లేకుండా దొరకడం మంచిదే.

మీ ఊళ్లో అంటున్న మాట గురించి. ఉద్దానం జబ్బు వేరు, ఇది వేరు. అందులో కిడ్నీ మెల్లమెల్లగా గట్టిపడి చిన్నదైపోతుంది, క్రియాటినిన్ పెరుగుతుంది. అది ఎందుకొస్తుందో ఇంతవరకు తేలలేదు. ఇది ఒకచోట కణాలు అదుపు తప్పి పెరిగిన గడ్డ. ఆ జబ్బు ముదిరి గడ్డ కట్టదు. బీడీ, బీపీ, ఊబకాయం ఉన్నవాళ్లకి, ఏళ్ల తరబడి డయాలసిస్ మీద ఉన్నవాళ్లకి కిడ్నీ క్యాన్సర్ అవకాశం ఎక్కువని మాకు చెప్పారు. కానీ మన దగ్గర 'కిడ్నీ' అనగానే అందరికీ ఒకే జబ్బు గుర్తొస్తుంది, అందుకే ఈ గందరగోళం.

నువ్వు డాక్టర్ని అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: 'కిడ్నీ మొత్తం తీయాలా, గడ్డ వరకే తీయొచ్చా?' గడ్డ వరకే తీయడాన్ని పార్షియల్ నెఫ్రెక్టమీ అంటారు. గడ్డని, దాని చుట్టూ కొద్దిగా మంచి భాగాన్ని తీసేసి మిగతా కిడ్నీని కుట్టేస్తారు. కిడ్నీ దాటని, 4 సెంటీమీటర్ల లోపు గడ్డని టీ1ఏ దశ అంటారు. దానికి వీలైనచోటల్లా ఈ పద్ధతే ముందు చూడాలి. క్రియాటినిన్ ఇప్పటికే ఎక్కువున్న మనిషికైతే ఇంకా పట్టుబట్టి అడగాలి. మాకు కూడా మొదట చూసినాయన మొత్తం తీసేయాలనే అన్నారు. రెండోచోట చూపించకపోయి ఉంటే ఈ రోజు అమ్మకి ఒకటే కిడ్నీ. గడ్డ మరీ మధ్యలో, పెద్ద రక్తనాళాలకి ఆనుకుని ఉంటే గడ్డ వరకు తీయడం కష్టం. అది సీటీ చూసి సర్జన్ చెప్పాలి.

ఇంకో మాట, అది క్యాన్సరేనని ఇప్పుడే తీర్మానించేయకు. ఈ సైజు గడ్డల్లో సుమారు ఐదింట ఒకటి మామూలు గడ్డే అవుతుంది. మా అమ్మది మాత్రం క్యాన్సరే. క్లియర్ సెల్ రకం, ఎక్కువమందికి వచ్చేది అదే. గ్రేడ్ 2 (అంత దూకుడు లేనిది), అంచులు శుభ్రం (కోసిన అంచుల్లో క్యాన్సర్ కణాలు లేవు) అని తీసిన గడ్డ బయాప్సీ రిపోర్టు వచ్చింది. ఆ తర్వాత కీమో లేదు, రేడియేషన్ లేదు. ఇప్పుడు ఏడాదికోసారి స్కానింగ్, అంతే.

విశాఖలో కేజీహెచ్ ఉంది, అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. క్రియాటినిన్ సంగతికి మన పలాసలోనే 2023 డిసెంబరులో ప్రారంభమైన కిడ్నీ ఆసుపత్రిలో నెఫ్రాలజీ వాళ్లకి చూపించు. ఆ డాక్టరు, గడ్డ తీసే డాక్టరు, ఇద్దరూ మీ నాన్నగారి రిపోర్టులన్నీ చూడాలి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద వస్తుందో లేదో చేరకముందే కౌంటర్లో కనుక్కో. అమ్మకి చెప్పు తమ్ముడూ. ఆవిడకి అనుమానం వచ్చేసే ఉంటుంది.

విజయనగరం సీటీ టెక్నీషియన్:

డాక్టర్ని కాదు, పన్నెండేళ్లుగా స్కానింగ్ గదిలో పనిచేస్తున్నాను. అల్ట్రాసౌండ్ ఒక్కటే చూసి ఆపరేషన్‌కి వెళ్లకండి. తర్వాతి మెట్టు నరానికి మందు ఎక్కించి తీసే సీటీ. మందు వెళ్లాక గడ్డ తెల్లగా వెలిగిందా, లోపల కొవ్వు ఉందా, ఉత్త నీటి తిత్తా, కిడ్నీ సిరలోకి పాకిందా అన్నవి అందులో తెలుస్తాయి. కొవ్వు కనిపిస్తే చాలావరకు క్యాన్సర్ కాని గడ్డే. ఛాతీ సీటీ కూడా అడుగుతారు, ఊపిరితిత్తుల్లో మచ్చలున్నాయేమో చూడ్డానికి.

మీకు క్రియాటినిన్ 1.6 ఉంది కాబట్టి ఆ సంగతి బుకింగ్ దగ్గరే చెప్పండి, తాజా రిపోర్టు చేత్తో పట్టుకెళ్లండి. ఒళ్లు ఎండిపోయి ఉన్నప్పుడు ఈ మందు వెళ్తే కిడ్నీకి మంచిది కాదు. అవసరమైతే ముందు సెలైన్ పెడతారు, లేదా ఎమ్మారై రాస్తారు. ఈలోపు నడుము నొప్పనీ కాళ్లు పీకుతున్నాయనీ మెడికల్ షాపులో నొప్పి మాత్రలు కొని వేయకండి. ఉద్దానం పేషెంట్లు ఎంతమంది జేబులో ఆ మాత్రలతో వస్తారో చూస్తుంటే బాధేస్తుంది.

బయాప్సీ గురించి మీ మావయ్యగారు అన్నది: సూది దారిలో పాకడం చాలా అరుదు. అయినా సీటీలో స్పష్టంగా కనబడితే చాలామందికి ముందు బయాప్సీ చేయరు, గడ్డ తీశాకే పరీక్షకు పంపుతారు. అనుమానం తీరనప్పుడో, ఆపరేషన్ కాకుండా వేరే వైద్యం చేయాల్సినప్పుడో ముందే ముక్క తీస్తారు.

డీటీపీఏ స్కాన్ గురించి కూడా అడగండి. ఏ కిడ్నీ ఎంత పనిచేస్తోందో విడివిడిగా చెబుతుంది. మీ విషయంలో అది చాలా ముఖ్యం.

బొబ్బిలి నుంచి ఒక అన్న:

మా బావగారి సంగతి చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. ఆయనకి ఒకరోజు మూత్రం ఎర్రగా వచ్చింది, నొప్పి లేదు. వేడి చేసిందని అక్క సబ్జా నీళ్లు, బార్లీ ఇచ్చింది. రెండు రోజుల్లో తగ్గిపోయింది. నాలుగు నెలల తర్వాత మళ్లీ వచ్చింది, ఈసారి వానపాముల్లా సన్నటి రక్తపు గడ్డలు. అప్పటికి కిడ్నీలో గడ్డ 9 సెంటీమీటర్లు, ఊపిరితిత్తుల్లో మచ్చలు. మామూలు కీమో ఈ క్యాన్సర్ మీద పెద్దగా పనిచేయదని చెప్పి ఇమ్యునోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే) ఇంజెక్షన్లు, రోజూ వేసుకునే మాత్రలు పెట్టారు. మచ్చలు చిన్నవయ్యాయి, మనిషి పొలానికి వెళ్తున్నాడు. కానీ అరచేతులు, అరికాళ్లు ఒలిచినట్టయిపోతాయి, బీపీ పెరుగుతుంది, ఖర్చు చాలా ఎక్కువ. నొప్పి లేకుండా ఒక్కసారి రక్తం పడినా స్కానింగ్ తీయించండి. తగ్గిపోయిందని వదిలేయకండి. మేం ఆ నాలుగు నెలలు పోగొట్టుకున్నాం.

తమ్ముడూ, నీది 3.6. మీకు సమయం ఉంది.

కవిటి కుర్రాడు:

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. అక్కా, మీ మాట విని ఆ రాత్రే అమ్మకి చెప్పాను. 'స్కానింగ్ నుంచి వచ్చినప్పుడే నీ మొహం చూసి తెలిసిపోయింది బావూ' అంది.

విశాఖ వెళ్లాం. సెలైన్ పెట్టి సీటీ తీశారు. గడ్డ కిడ్నీ పై చివర, సగానికి పైగా బయటికే పొడుచుకొచ్చి ఉంది. సిరలో ఏమీ లేదు, ఛాతీ శుభ్రంగా ఉంది. క్యాన్సర్ అయ్యే అవకాశమే ఎక్కువన్నారు. టెక్నీషియన్ గారు చెప్పిన డీటీపీఏ కూడా చేయించాం. వడపోత లెక్క (జీఎఫ్ఆర్) రెండు కిడ్నీలూ కలిపి 48, అందులో ఎడమది 27, కుడిది 21. అంటే గడ్డ ఉన్న కిడ్నీయే ఎక్కువ పని చేస్తోంది! మొదటి డాక్టరు మాట విని వారంలో చేర్పించి ఉంటే మంచి కిడ్నీని తీసేయించుకునేవాళ్లం. ఆ కాగితం పట్టుకుని ఆసుపత్రి వరండాలో చాలాసేపు కూర్చుండిపోయాను.

గడ్డ వరకే తీస్తామన్నారు. క్రియాటినిన్ కొద్దిగా పెరగొచ్చని, లోపల ఇబ్బంది కనబడితే మొత్తం తీయాల్సి రావచ్చని కూడా చెప్పి సంతకం తీసుకున్నారు. నాన్న అంతా విని, 'కొమ్ము పురుగు మొవ్వులో దూరితే ఊచతో పురుగుని లాగుతాం గానీ చెట్టు కొట్టేస్తామేటి' అన్నారు. సర్జన్ గారికి అర్థం కాలేదు, నేను చెప్పాల్సొచ్చింది.

వచ్చే సోమవారం చేరాలి. ఆరు వారాలు బరువులు ఎత్తకూడదట. అందుకని ఈలోపు కొబ్బరికాయల దింపు పూర్తి చేయించాలని నాన్న కూలీల కోసం తిరుగుతున్నారు. 2018లో తిత్లీ తుఫానుకి చెట్లన్నీ పోయాక వేసిన మొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి.

అక్కా, ఆపరేషన్ తర్వాత అమ్మగారికి పక్కన పెట్టిన ట్యూబు ఎన్ని రోజులు ఉంచారు?

పలాస అక్క:

మూడు రోజులు. రెండో రోజే లేపి నడిపించారు, దగ్గొచ్చినప్పుడు కుట్ల మీద దిండు అదిమి పట్టుకోమన్నారు. ఇంటి నుంచి ఒక చిన్న దిండు పట్టుకెళ్లు.