చిన్న వంటింట్లో నిజంగా పనికొచ్చే యంత్రాలేమిటి?

ప్రశ్న: కొత్త కాపురం, విశాఖపట్నం

అందరికీ నమస్కారం. మధురవాడలో అద్దె ఇంట్లో కొత్తగా కాపురం పెట్టాము. ఇద్దరమూ ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళమే. మా వారిది షిఫ్టు పని, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. దసరా దాటాక అత్తగారు వచ్చి మా దగ్గరే ఉంటారు. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. ఎక్కువసేపు పొయ్యి దగ్గర నిలబడలేరు, కానీ వంట మాత్రం తానే చేస్తానంటారు.

వంటింట్లో ఇప్పుడు రెండు పొయ్యిల గ్యాస్ స్టవ్, మూడు లీటర్ల కుక్కర్, పెళ్ళికి వచ్చిన 750 వాట్ల మిక్సీ ఉన్నాయి. గట్టు చిన్నది. ప్లగ్ పాయింట్లు రెండే, అందులో ఒకటే పెద్దది. చేతిలో పది వేల రూపాయలున్నాయి. చెల్లెలు ఎయిర్ ఫ్రయ్యర్ కొనమంటోంది. గ్రైండర్ లేని ఇల్లేమిటని అమ్మ అడుగుతోంది. ఆఫీసులో ఒకావిడ రైస్ కుక్కర్ ఒక్కటీ చాలంటున్నారు. మాకు రోజూ పప్పు, చారు, ఒక వేపుడు ఉండాలి. వారానికి రెండుసార్లు ఇడ్లీనో పెసరట్టో పడాలి. మీ ఇళ్ళలో రోజూ చెయ్యి పడే వస్తువులేమిటో, కొన్నాక మూలపడ్డవేమిటో చెప్పండి.

జవాబు: గోదారి వంటిల్లు, కాకినాడ

అమ్మాయీ, దుకాణంలో ఏ యంత్రం చూపించినా అది ఎంత బాగా వండుతుందో చెబుతారు. దాన్ని కడగడానికి ఎంతసేపు పడుతుందో నువ్వు అడుగు. ఎనిమిది మంది ఉన్న ఇంట్లో వండాను, ఇప్పుడు మా ఇద్దరికే వండుకుంటున్నాను. పనికొచ్చే యంత్రమేదో, అటక ఎక్కే యంత్రమేదో నాకు తెలిసింది సింకు దగ్గరే. పది నిమిషాల పని తగ్గించి పావుగంట తోముడు పెట్టే వస్తువును రెండో నెల నుంచి ఎవరూ ముట్టుకోరు.

నీ ఇంటికి మొదటిది రైస్ కుక్కర్. షిఫ్టు పని చేసే మనిషి, మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడ ఉన్న ఇంట్లో దానికి సాటి వచ్చేది లేదు. గిన్నె కింద వేడిని కనిపెట్టే మీట ఒకటి ఉంటుంది. గిన్నెలో నీళ్ళున్నంతసేపూ వేడి నూరు డిగ్రీలు దాటదు. నీళ్ళు ఇంకిపోగానే వేడి పైకి ఎగబాకుతుంది, మీట టక్కున పడిపోతుంది, అన్నం వెచ్చగా ఉండే దశకు మారుతుంది. కూతలు లెక్కపెట్టక్కర్లేదు, పక్కన నిలబడక్కర్లేదు. అన్నిటికన్నా ముఖ్యం, రెండు పొయ్యిల ఇంట్లో ఒక పొయ్యి ఖాళీ అవుతుంది. అన్నం దానిలో పడేసి ఒక పొయ్యి మీద పప్పు, ఇంకో దాని మీద వేపుడు పెట్టుకోవచ్చు. మీ ముగ్గురికి ఒక లీటరుది సరిపోతుంది, చుట్టాలు వస్తూ పోతూ ఉంటారనుకుంటే 1.8 లీటర్లది తీసుకో. పాత బియ్యానికి గ్లాసుకు రెండు గ్లాసుల నీళ్ళు పోస్తే సరిపోతుంది, కొత్త బియ్యమైతే తగ్గించాలి, లేకపోతే ముద్దవుతుంది. ఒక్క జాగ్రత్త ఉంది. వెచ్చదనం మీద పూటంతా వదిలేస్తే అన్నం అడుగున ఎండి చెక్క కడుతుంది. మీ వారు వచ్చే వేళ చూసుకుని ఆలస్యంగా పెట్టుకోవడమే మేలు. తర్వాత కడగవలసింది గిన్నె, మూత, అంతే.

రెండోది హ్యాండ్ బ్లెండర్, అంటే కాడ చివర బ్లేడు ఉండి, చేత్తో పట్టుకుని గిన్నెలోనే నడిపేది. దీని సంగతి ఎవరూ చెప్పరు, నాకైతే రోజూ చేతిలో ఉంటుంది. ఉడికిన పప్పును కుక్కర్ గిన్నెలోనే మెత్తగా చేస్తుంది, మజ్జిగ చిలుకుతుంది, చారుకు ఉడికించిన టమాటాలను గిన్నెలోనే నలుపుతుంది. మిక్సీ జార్లోకి వేడి పప్పు వంచే పని లేదు, వేడి ఆవిరికి జారు మూత ఎగిరిపోతుందన్న భయమూ లేదు. పని అయ్యాక ప్లగ్ తీసి, కాడను విడదీసి కుళాయి కింద పెడితే చాలు. మామిడికాయ పప్పుకు మాత్రం నేను పప్పుగుత్తే వాడతాను. ముక్క ముక్కలా తగలాలి, బ్లెండర్ పెడితే గుజ్జయి పులుపంతా ఒకే తీరున పరుచుకుంటుంది.

ఇక గ్రైండర్. ఇక్కడ మీ అమ్మగారి మాటను కొట్టిపారేయలేను. గారెల పిండి విషయంలో రాతికి మిక్సీ సాటి రాదు. బ్లేడు విపరీతమైన వేగంతో తిరుగుతుంది, పిండి వేడెక్కుతుంది, తిరగాలంటే నీళ్ళు పొయ్యక తప్పదు. నీళ్ళెక్కువైన గారెలు నూనె పీలుస్తాయి. గ్రైండరులో రాళ్ళు నెమ్మదిగా నలుపుతాయి. నానిన మినపగుళ్ళు వేసి, నీళ్ళు పొయ్యకుండా చేత్తో చిలకరిస్తూ కూర్చుంటే కాసేపటికి పిండి తెల్లబడి, గాలి పోసుకుని, గిన్నె అంచుల దాకా పొంగుతుంది. నిమ్మకాయంత తీసి నీళ్ళ గిన్నెలో వేసి చూడు. తేలిందంటే గారెలకు సిద్ధమైనట్టే. మునిగితే ఇంకాసేపు రుబ్బాలి. మిక్సీలో ఆ పొంగు రాదు. కోయంబత్తూరు గ్రైండర్లకు భౌగోళిక గుర్తింపు ఉంది, ఆ ఊరి పేరు ఊరికే వచ్చింది కాదు.

అయినా నువ్వు ఇప్పుడే కొనవద్దంటాను. మన ఇడ్లీకి రుబ్బేది మినప్పప్పు ఒక్కటే, రవ్వ కడిగి పిండేసి కలుపుకుంటాము. ముగ్గురికి ఒక గ్లాసు పప్పు. దాన్ని ఫ్రిజ్‌లో చల్లబడిన నీళ్ళతో, ఆపి ఆపి మిక్సీలో వేస్తే ఇడ్లీలు బాగానే వస్తాయి. పెసరట్టుకు మిక్సీ చాలు, పెసలు కాస్త పలుకుగా ఉంటేనే రుచి. గ్రైండరులో అంత తక్కువ పప్పు రాళ్ళకు సరిగ్గా అందదు, ఎంత రుబ్బారో అంత పిండి రాళ్ళకూ గిన్నెకూ అంటుకుని ఉంటుంది. పిండి తీశాక రాళ్ళు పైకెత్తాలి, గిన్నె ఎత్తి సింకులో పెట్టాలి. మోకాళ్ళ నొప్పులున్న మనిషి చేత ఆ బరువు మోయించకు. ఇంట్లో నలుగురైదుగురు ఉండి, పిండి రుబ్బుడు తప్పని రోజులు వచ్చినప్పుడు రెండు లీటర్ల టేబుల్ మీది గ్రైండర్ కొనుక్కో.

ఎయిర్ ఫ్రయ్యర్ అంటే ఫ్యాను పెట్టిన చిన్న ఓవెన్. చికెన్ ముక్కలు, బంగాళదుంపలు, నూనె రాసిన బెండకాయలు దానిలో బాగుంటాయి. జారుడు పిండి దానికి గిట్టదు. బజ్జీల పిండి జల్లెడలోంచి కారిపోతుంది, గారెలు పొంగవు. మీ వేపుళ్ళకు మూకుడు ఉంది. నీ గట్టు మీద అంత పెద్ద పెట్టెకు చోటివ్వడం నాకు మనసొప్పదు.

దారం లాగే చాపర్ రెండు మూడు వందల్లో వస్తుంది. ఉప్మాకు, పెసరట్టు మీదకు ఉల్లిపాయలు, అల్లం, పచ్చిమిర్చి చిటికెలో చిన్నవవుతాయి. కరెంటు అక్కర్లేదు, అత్తగారు కుర్చీలో కూర్చుని చేసుకోవచ్చు. వంకాయకూ దొండకాయకూ మాత్రం కత్తిపీటే.

జవాబు: మిక్సీల డాక్టరు, నెల్లూరు

పెద్దమ్మ చెప్పింది నిజం చెల్లెమ్మా. నాది మిక్సీలు, గ్రైండర్లు బాగుచేసే దుకాణం. దుకాణానికి ఎక్కువగా వచ్చేవి మిక్సీలు. జనం నిజంగా రోజూ వాడేది దాన్నే కాబట్టి. నీ దగ్గర 750 వాట్లది ఉంది, కాబట్టి కొత్తది కొనకుండా ఉన్నదాన్ని కాపాడుకోవడం గురించి చెబుతాను.

మిక్సీ నడుస్తూ నడుస్తూ ఆగిపోతే కాలిపోయిందని కంగారుపడవద్దు. అడుగున చిన్న బటన్ ఉంటుంది, చాలా వాటికి ఎర్రగా ఉంటుంది. మోటారు మీద భారం ఎక్కువైతే అది బయటికి వచ్చేసి కరెంటు ఆపుతుంది. జారు తీసి, మోటారు చల్లారనిచ్చి, దాన్ని లోపలికి నొక్కితే మళ్ళీ తిరుగుతుంది. ఈ సంగతి తెలియక ఆటోలో మిక్సీ పెట్టుకుని వచ్చేవాళ్ళు చాలామంది, నొక్కి ఇచ్చి డబ్బు తీసుకోకుండా పంపిస్తాను.

అసలు ప్రమాదం జారు అడుగున ఉంది. బ్లేడు తిరిగే ఇరుసు దగ్గర అరిగితే నీళ్ళు బొట్లు బొట్లుగా కిందికి కారి మోటారులోకి దిగుతాయి. జారు ఎత్తి చూసినప్పుడు అడుగున తడి, నల్లటి మడ్డి కనబడితే ఆ జారు ఇక వాడవద్దు, అదే రోజు బుష్, అంటే ఆ ఇరుసును పట్టి ఉంచే చిన్న గొట్టం, మార్పించు. తక్కువ ఖర్చుతో పోతుంది. వదిలేస్తే మోటారు కాలిపోయి, దానికి తీగ మళ్ళీ చుట్టించాలి. వేయించిన కందులూ మిరపకాయలూ బాగా చల్లారాకే పొడి కొట్టండి. ఎండు పసుపు కొమ్ములు ఇంట్లో మిక్సీలో వెయ్యకండి, పిండిమరకు పంపండి.

ప్లగ్ సంగతి కూడా చెప్పాలి. చిన్న పాయింటు 6 ఆంపియర్లది, పెద్దది 16 ఆంపియర్లది. 700 వాట్ల రైస్ కుక్కర్‌కు, మిక్సీకి చిన్నది చాలు. 1500 వాట్ల కెటిల్ ఆరున్నర ఆంపియర్ల దాకా లాగుతుంది, 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ దాదాపు తొమ్మిది. అవి పెద్ద పాయింటుకే పెట్టాలి. ఒకే పాయింటుకు ఎక్స్‌టెన్షన్ బోర్డు తగిలించి రెండూ నడిపిస్తే బోర్డు కరుగుతుంది. అలా నల్లబడిన బోర్డులు నా దుకాణంలో ఒక మూలనిండా ఉన్నాయి. ఏది కొన్నా ఐఎస్ఐ గుర్తు చూసి కొను. మీ ఊళ్ళో విడిభాగాలు దొరికే రకమేనా అని ముందే అడుగు. జారు రబ్బరు కూడా దొరకని మిక్సీ ఎంత చవకైనా దండగే.

జవాబు: తెలుగింటి కోడలు, న్యూజెర్సీ

ఇది చదువుతున్న వారిలో అమెరికా వచ్చేవాళ్ళు ఉంటే ఒక మాట. ఇండియా మిక్సీ 230 వోల్టులది, ఇక్కడ ఇళ్ళలో వచ్చేది 120. సూట్‌కేసులో బరువు మోసుకుని రాకండి, ఇక్కడి కరెంటుకు తయారైన మన మిక్సీలు దొరుకుతాయి. మాకు అన్నిటికన్నా పనికొచ్చేది కరెంటు ప్రెజర్ కుక్కర్, అదీ పెరుగు తోడుపెట్టే మీట ఉన్నది. జనవరి చలిలో గట్టు మీద పెట్టిన ఇడ్లీ పిండి తెల్లారినా కదలదు. ఆ మీట మీద పెడితే పొద్దున్నకు పొంగి ఉంటుంది. పిండి సగానికి మించి పొయ్యవద్దు, మూతకు అంటుకుంటే కడగడం యాతన. విశాఖలో ఈ అవసరమే రాదు, మీరు అదృష్టవంతులు.

కొత్త కాపురం, విశాఖపట్నం

అందరికీ ధన్యవాదాలు. మిక్సీ జార్లు తిరగేసి చూశాను. పెద్దదాని అడుగున నల్లటి మడ్డి ఉంది, రేపే బుష్ మార్పిస్తాను. రైస్ కుక్కర్, హ్యాండ్ బ్లెండర్, చాపర్ కొందామనుకుంటున్నాము. పెద్దమ్మా, ఒక్క సందేహం. అత్తగారు రోజూ పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళు తాగుతారు, రాత్రి పాలు కాచుకుంటారు. రెండింటికీ కెటిల్ పనికొస్తుందా?

గోదారి వంటిల్లు, కాకినాడ

నీళ్ళకు హాయిగా పనికొస్తుంది, లీటరున్నరది తీసుకుని పెద్ద పాయింటు దగ్గరే ఉంచు. పాలు మాత్రం దానిలో కాచనివ్వకు. అడుగంటుతాయి, పొంగి మూతి దగ్గర కారతాయి. కెటిల్‌ను నీళ్ళలో ముంచి తోమలేవు కాబట్టి ఆ వాసన ఎంత కడిగినా పోదు. పాలకు చిన్న స్టీలు గిన్నె, సిమ్‌లో పెట్టిన పొయ్యి చాలు. కెటిల్‌లో తెల్లటి సున్నం పొర కడితే నీళ్ళలో నిమ్మరసం పిండి ఒకసారి మరిగించి కాసేపు వదిలెయ్యి, తర్వాత మంచి నీళ్ళతో రెండుసార్లు తొలిపితే పోతుంది. ఇంకోమాట. రైస్ కుక్కర్‌తో వచ్చే ప్లాస్టిక్ హస్తమే వాడమని అత్తగారికి మొదటి రోజే చెప్పు. స్టీలు గరిటెతో గీస్తే గిన్నె లోపలి పూత లేచిపోతుంది. పూత లేని గిన్నెది దొరికితే ఆ బెంగ కూడా ఉండదు.